చెరువు చేపకు కిలోల లెక్క ఎందుకు?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఊరు. మా మత్స్యకారుల సొసైటీ నిరుడు తెప్పకు రోజుకు 40 కిలోలు పట్టుకోవచ్చన్నది, ఈసారి సీజన్ మధ్యలో 25కే ఆపమంటోంది. థర్మాకోల్ తెప్ప మీద తెల్లారేదాకా తిరిగి, పడ్డ చేపను మళ్లీ నీళ్లలో వదలాలా?

జవాబు: మీ కోపం న్యాయమే. సీజన్ మధ్యలో రూల్ మార్చడం పద్ధతి కాదు, సర్వసభ్య సమావేశం పెట్టించి తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చూపించమనండి. కానీ అసలు తిప్పలు కిలోల దగ్గర లేవు, పట్టే చేప సైజు దగ్గర ఉన్నాయి. బొచ్చె, రవ్వ చేపలు పారే నీళ్లలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు, అందుకే ఏటా చెరువులో చేప పిల్లలను పోయాల్సి వస్తుంది. జానెడు కూడా లేని 80–100 మిల్లీమీటర్ల పిల్ల, మేత బాగుంటే ఏడాదికి కిలో దాకా తూగుతుంది. దాన్ని అరకిలోకే లాగేస్తే పోయేది మీ పైసలే. కాబట్టి వల కన్ను (వలలోని రంధ్రం) పెద్దది పెట్టాలని పట్టుబట్టండి, చిన్న చేప దానంతటదే జారిపోతుంది, వదలాలా వద్దా అన్న టెన్షనే ఉండదు (గంటసేపు వలలో చిక్కినదాన్ని వదిలినా బతకడం కష్టమే లెండి). అందరూ ఒకేరోజు తెస్తే మార్కెట్లో రేటు పడిపోతుంది, సొసైటీ ఆ లెక్కతోనే కోత పెట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పాల్సింది.