నెగెటివ్ గ్రూపు వాళ్ళకి తొలి కాన్పులో ఇంజెక్షన్ అక్కర్లేదా?

మీది ఓ నెగెటివ్, మీవారిది బి పాజిటివ్, ఇప్పుడు ఐదో నెల. "తొలి కాన్పుకి ఏ ఇంజెక్షనూ అక్కర్లేదు" అంటున్నారు అత్తగారు, నిజమేనా అని అడిగారు కదండీ. మా ఇంట్లోనూ ఇదే కథ. నేను ఎ నెగెటివ్, మా ఆయన ఓ పాజిటివ్.

అత్తగారి మాటలో సగం నిజం ఉంది. తొలి బిడ్డకి మామూలుగా ఏమీ కాదు. కానీ బిడ్డ పాజిటివ్ అయితే కాన్పులో ఆ రక్తం కాస్త మన రక్తంలో కలిసి, మన ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉండిపోతాయి. తర్వాత వచ్చే పాజిటివ్ బిడ్డ ఎర్రకణాల్ని విరగ్గొట్టేవి అవే. బిడ్డకి రక్తం తగ్గిపోవడం, పుట్టగానే కామెర్లు ముదరడం, ఒక్కోసారి కడుపులోనే పోవడం. ఆ యాంటీబాడీలు తయారవకుండా ఆపేదే ఈ యాంటీ-డి ఇంజెక్షన్. అందుకే ఇప్పుడు చేయించుకునేది ఎక్కువగా రెండో బిడ్డ కోసం.

అసలు తిరకాసు "తొలి" అన్న మాట దగ్గరుంది. ముందు గర్భం పోయి ఉంటే అదీ లెక్కే, అప్పుడూ రక్తం కలవొచ్చు. నాకు మొదటిసారి మూడో నెల నిండాక గర్భం పోయింది. డి అండ్ సి (గర్భసంచి శుభ్రం) చేసి ఇంటికి పంపేశారు, గ్రూపు సంగతి ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నెల తప్పాక అమలాపురంలో డాక్టరమ్మ పాత చీటీలు తిరగేసి "అప్పుడు యాంటీ-డి చేశారా?" అంటే నాకు నోట మాట రాలేదు. మన రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా అన్నం సయించలేదు. అదృష్టం, నెగెటివ్ వచ్చింది, అంటే యాంటీబాడీలు లేవన్నమాట. యాంటీబాడీలు అప్పటికే ఉంటే ఇంజెక్షన్ ఇక పనిచేయదు. పరీక్షలతో, స్కాన్లతో కనిపెట్టుకుని ఉండడమే.

28 వారాలకి 300 మైక్రోగ్రాములది చేశారు. మాది లంక ఊరు, కాన్పేమో వరదల రోజుల్లో. కాజ్‌వే మునిగితే పడవే గతి కాబట్టి ఎనిమిదో నెల దాటగానే అమలాపురంలో పిన్నిగారింట్లో దిగిపోయాను. బాబు పుట్టాక బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తే పాజిటివ్. ఏడో నెలలో చేశారు కదా అని ఊరుకోకూడదు, 72 గంటల్లోపు ఇంకోటి పడాలి. బిడ్డ నెగెటివ్ అయితే రెండోది అక్కర్లేదు. ఆ రోజు మేం అడిగిన షాపుల్లో దొరకలేదు. మా ఆయన రాజమండ్రి నుంచి థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య, గడ్డకట్టకుండా గుడ్డ చుట్టి తెచ్చారు. బస్సులో ఒళ్ళోనే పెట్టుకున్నారట, రావులపాలెంలో టీకి కూడా దిగలేదట! మీరు మాత్రం ముందే మాట్లాడిపెట్టుకోండి.

కూంబ్స్ చేయించకపోతే ఈ వారమే చేయించండి. ఈలోగా రక్తం కనబడినా, కడుపుకి దెబ్బ తగిలినా 28 వారాల దాకా ఆగొద్దు, వెంటనే వెళ్ళండి. ఇంతకు ముందెప్పుడైనా గర్భం పోయి ఉంటే అత్తగారికి చెప్పకపోయినా ఫర్వాలేదు గానీ, డాక్టరుకి మాత్రం దాచొద్దండీ.