మా గొడవల వల్లే మా కుక్క ఇలా అయిపోయిందా?

ప్రశ్న: ఆరు నెలల క్రితం మావారి ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి ఇంట్లో రోజూ మాటా మాటా పెరుగుతోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. మేం గొంతు పెంచితే చాలు, మా నాలుగేళ్ల కుక్క మంచం కిందకు దూరుతోంది. గంటల తరబడి పాదాలు నాక్కుంటోంది. ఇదివరకు పట్టించుకోని కుక్కల మీదికి ఇప్పుడు మొరుగుతూ ఎగబడుతోంది. దాన్ని నేనే పాడుచేస్తున్నానా? దాని ముందు ఏడవకూడదా?

జవాబు: ఏడుపొస్తే ఏడవండి. దాని దగ్గర దాచాలన్నా దాగదు. ఒత్తిడిలో ఉన్న మనిషి చెమట, ఊపిరి వాసన మారిపోతాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో ఒకే మనిషి నుంచి, కష్టమైన లెక్క చేయించక ముందూ చేయించాకా నమూనాలు తీసి పెడితే, శిక్షణ పొందిన 4 కుక్కలు 100కి 90కి పైగా సార్లు ఒత్తిడి వాసనను పట్టేశాయి. అంతకుముందు 2019లో స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీవాళ్లు 58 కుక్కల వెంట్రుకల్లోనూ, వాటి యజమానుల జుట్టులోనూ ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ కొలిచారు. ఆ హార్మోన్ ఎక్కువున్న యజమానుల కుక్కల్లోనూ ఎక్కువగానే కనిపించింది. అంతమాత్రాన మీ ఏడుపే దాని జబ్బుకు కారణమని తేల్చేయలేం.

మీ ఉత్తరం చదివితే, దాన్ని బెదరగొడుతున్నది కన్నీళ్లు కాదు, అరుపులే అనిపిస్తోంది. ఆ కోపం తన మీద కాదని దానికి తెలిసే దారి లేదు. మాట పెరుగుతోందనిపించగానే దాన్ని వేరే గదిలోకి పంపి, కొరుక్కునేదేదైనా ఇచ్చి తలుపు వేయండి. లేదా మీరిద్దరే బయటికి నడుచుకుంటూ వెళ్లి మాట్లాడుకోండి. మంచం కిందకు దూరితే లాగొద్దు. అది దాని రక్షణ చోటు. అక్కడ గుర్రుమన్నా తిట్టొద్దు. గుర్రుమనడం మానిపిస్తే ముందస్తు హెచ్చరిక లేకుండా కరిచే ప్రమాదం ఉంది.

ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుందంటారు, అది నిజం కాదు. దానంతట అది దగ్గరికొస్తే ఛాతీ మీద మెల్లగా మూడు సెకన్లు నిమిరి ఆపండి. ఇంకా ఒరిగితే కొనసాగించండి. పెదవులు నాక్కున్నా, మొహం తిప్పుకున్నా, కంటి తెల్లగుడ్డు కనిపించినా వదిలేయండి. మీకు దుఃఖం వచ్చినప్పుడు దాన్ని గట్టిగా వాటేసుకోవడం మీకు ఊరట కావచ్చు, చాలా కుక్కలకు మాత్రం ఇబ్బందే.

పాదాలు నాకడాన్ని వెంటనే మనసుకు ముడిపెట్టకండి. ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. అలర్జీ, వేళ్ల మధ్య ఇన్‌ఫెక్షన్, కీళ్ల నొప్పి, ఏదైనా కావచ్చు. నొప్పితో ఉన్న కుక్క తోటి కుక్కల మీద చిరాకుపడటమూ మామూలే.

ఇక వీధిలో మొరగడం. ఎదురుగా కుక్క కనబడగానే మీకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి లీష్ (దాన్ని పట్టుకునే తాడు) చేతికి చుట్టేసుకుంటున్నారేమో గమనించండి. మెడ బిగిసిన ఆ క్షణమే దానికి ప్రమాద సూచన. కాలర్ బదులు ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్, రెండు మీటర్ల లీష్ వాడండి. లీష్ మధ్యలో కాస్త వేలాడుతూ ఉండాలి. కుక్క కనబడగానే ఊపిరి నెమ్మదిగా వదిలి, పక్కకు వంపు తిరిగి నడవండి. మీ కుక్క అవతలి కుక్కను చూస్తూ కూడా మొరగనంత దూరంలో ఆగి, గోరంత ట్రీట్ ముక్కలు ఒకదాని వెనక ఒకటి ఇవ్వండి. అవతలి కుక్క వెళ్లిపోగానే ఆపేయండి. ట్రీట్ ముట్టకపోతే మీరింకా బాగా దగ్గరున్నట్టే, మరికాస్త వెనక్కి వెళ్లండి. ఈ దూరం తగ్గించడానికి వారాలు పడుతుంది, తొందరపెట్టొద్దు.

ఇల్లు ఎంత గందరగోళంగా ఉన్నా తిండి వేళ, నడక వేళ మారనివ్వకండి. రోజూ ఓ ఇరవై నిమిషాలు దాని ఇష్టమొచ్చినట్టు వాసన చూడనివ్వండి. మీ మనసు అస్సలు బాగోలేని రోజు ఆ పని మీవారికి అప్పగించండి.

ఆరు నెలలుగా నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం తేలిగ్గా తీసుకునే సంగతులు కావు. కుక్క కోసం కాదు, మీ కోసమే డాక్టర్‌ను గానీ సైకాలజిస్ట్‌ను గానీ కలవండి. గొడవల్లో మీవారంటే భయం వేస్తున్నా, చెయ్యి లేస్తున్నా అది కూడా వాళ్లకు దాచకుండా చెప్పండి.

రెండు వారాలపాటు కుక్క ఎప్పుడు నాక్కుంది, ఎప్పుడు దాక్కుంది, అంతకుముందు ఇంట్లో ఏం జరిగిందో రాసిపెట్టండి, ఫోన్‌లో వీడియో తీయండి. నెలలో మార్పు కనిపించకపోయినా, ఎవరినైనా కరవబోయినా కుక్కల ప్రవర్తన తెలిసిన వెటర్నరీ డాక్టర్ దగ్గరికి అవన్నీ పట్టుకెళ్లండి.