వియన్నా మ్యూజియం చూసొస్తే డిజైన్ సీటు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. వేసవిలో పిల్లల్ని వియన్నా తీసుకెళ్లి, అక్కడి మాక్ డిజైన్ మ్యూజియం చూపించి, వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఫీజు మూడున్నర లక్షలు. పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసిన పనుల సంకలనం, బలపడుతుందట. ఆ డబ్బు టూర్‌కి పెట్టాలా, ఇక్కడ కోచింగ్‌కి పెట్టాలా? అసలు ఈ లైన్‌లో అమ్మాయి స్థిరపడుతుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉందండీ. ఇంజినీరింగ్ అయితే ఎలాగోలా ఒక ఉద్యోగం దొరుకుతుందని మీకు ధైర్యం. డిజైన్ అనేసరికి ఆ ధైర్యం పోయింది. మూడున్నర లక్షలు కడితే అది తిరిగొస్తుందేమోనని చూస్తున్నారు. వేసవి దగ్గర పడుతోందంటే నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. టూర్ పేరు, ఊరు పేరు మారతాయి, లోపలి భయం మాత్రం ఒకటే.

ముందు ఒక మాట, కాస్త కటువుగా ఉంటుంది. ఉత్తరంలో ఫీజు రాశారు, కన్సల్టెన్సీ వాళ్ల మాటలు రాశారు. మీ అమ్మాయి ఏం గీస్తుందో, ఏం తయారు చేస్తుందో, ఏ వస్తువును చూసి ఆగిపోతుందో ఒక్క ముక్క లేదు. ఆమె నోట్‌బుక్ ఎప్పుడైనా తెరిచి చూశారా? ఇదే డబ్బు ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకి కట్టాల్సి వస్తే ఎవరికీ ఉత్తరం రాయకుండా కట్టేసేవారు. అక్కడ రాని అనుమానాలు ఇక్కడే ఎందుకు వస్తున్నాయో ఒకసారి ఆలోచించండి.

మ్యూజియం విషయానికొస్తే, మాక్ చాలా మంచి చోటు. అందులో నాకు అనుమానం లేదు. లండన్‌లోని సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియాన్ని చూసి, అలాంటిది తమకూ కావాలని 1863లో దాన్ని స్థాపించారు. పనివాళ్లు, తయారీదారులు, విద్యార్థులు మంచి వస్తువులను దగ్గరగా చూసి తమ పని మెరుగుపరచుకోవాలన్నది ఉద్దేశం. నాలుగేళ్లకే, 1867లో, దానికి అనుబంధంగా ఒక స్కూల్ కూడా పెట్టారు. అదే నేటి అప్లయిడ్ ఆర్ట్స్ యూనివర్సిటీ.

అక్కడ ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ కంపెనీ కుర్చీలున్నాయి. తెల్లటి తెరల వెనక వరుసగా పెట్టి నీడలుగా చూపిస్తారు. వాటిలో పేరుమోసింది 1859 నాటి 14వ నంబర్ కుర్చీ. బీచ్ అనే చెట్టు కర్రను ఆవిరిలో మెత్తబరిచి, పగలకుండా బయటివైపు లోహపు పట్టీ బిగించి, అచ్చులో వంచి ఆరబెట్టేవారు. ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే కుర్చీ. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 పట్టేవి. అందుకే ఓడలెక్కి ప్రపంచమంతా వెళ్లాయి. 1930 నాటికి 5 కోట్ల దాకా అమ్ముడయ్యాయంటారు. ముంబయి పాత ఇరానీ కెఫేల్లో కనిపించే వంపు కర్ర కుర్చీలు కూడా ఈ వంశంవే. అందం ఒక్కటే చూస్తే ఈ కుర్చీ సగమే అర్థమవుతుంది. కర్ర స్వభావం, రవాణా ఖర్చు, బిగించేవాడి చేయి, ఇవన్నీ ఆ వంపులో ఉన్నాయి.

ఇంకొకటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది నమూనా. గీసినావిడ ఆర్కిటెక్ట్ మార్గరెటె షుటె-లిహోట్స్కి, నేను చెప్పిన ఆ స్కూల్లోనే చదివింది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రభుత్వ ఇళ్ల కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో ఈ వంటగదిని రూపొందించింది. వంట మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ పనికి ఎంతసేపు పడుతుందని స్టాప్‌వాచ్‌తో కొలిచిన లెక్కలు దాని వెనక ఉన్నాయి. అలాంటివి దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. ఇద్దరు నిలబడే చోటు లేదని, ఆడవాళ్లను ఒంటరిగా ఒక మూలకు నెట్టిందని తర్వాత విమర్శలూ వచ్చాయి. డిజైన్ విద్యార్థికి వంటగది ఎంత ముఖ్యమో ఆ విమర్శలూ అంతే ముఖ్యం.

గైడ్ వెనక గుంపుగా నడుస్తూ రెండు గంటల్లో ఇవన్నీ ఎక్కవు. పైగా మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉండరు: మాక్‌లో 19 ఏళ్లలోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. మ్యూజియం సేకరణలో చాలా భాగం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు.

సర్టిఫికెట్ సంగతి అడగకపోయినా చెప్తాను. ఐఐటీల డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో సీటు ర్యాంకును బట్టి వస్తుంది, వియన్నా కాగితం అడిగేవాళ్లు ఉండరు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) రెండో దశ పరీక్ష మెయిన్స్‌లో పిల్లల చేత అక్కడికక్కడే చేయించి చూస్తారు. పోర్ట్‌ఫోలియో అవసరం ముందు ముందు తప్పకుండా వస్తుంది. అప్పుడు చూసేది సొంతంగా ఏం గమనించింది, ఏం ప్రయత్నించింది, ఏది ఎందుకు పక్కన పడేసింది అని. మ్యూజియం మెట్ల మీద ఫొటోకి అందులో చోటు లేదు.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ఇప్పుడు డిజైన్ అంటే చాలామందికి ఫోన్ యాప్ స్క్రీన్లే. ఆరు నెలల యూఎక్స్ (వాడేవాళ్లకు సులువుగా ఉండేలా యాప్‌లు రూపొందించే) కోర్సు, ఆ తర్వాత పెద్ద జీతం అని ప్రకటనలు. టూర్ల వాళ్లు, కోర్సుల వాళ్లు అమ్మేది ఈ కలనే. ఆ స్క్రీన్లు గీసి పెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాక, బొత్తాలు ఎక్కడ పెట్టాలో మాత్రమే తెలిసినవాళ్లకు మొదటి ఉద్యోగం కష్టమవుతుందనే నా అభిప్రాయం. మనిషి ఎక్కడ తడబడుతున్నాడో చూడగలిగేవాళ్లకు పని ఉంటుంది. ఆసుపత్రి పరికరాలు, ప్యాకింగ్, బస్సు సీట్లు, ఫర్నిచర్, బట్టలు, యాప్‌లు కూడా, అన్నిట్లో. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగా ఉండొచ్చు, పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే ఉద్యోగం పేరు వివరించాల్సి రావొచ్చు. దానికి మీరు సిద్ధపడండి. అమ్మాయి ఇప్పటికే సిద్ధపడింది కనుకే మీతో చెప్పగలిగింది.

టెన్షన్ పడకండి. ఎంపీసీ మానిపించాల్సిన పని లేదు, డిజైన్ పరీక్షలకు ఆ గ్రూప్ అడ్డం కాదు. అమరావతిలో ఎన్ఐడీ మీ ఊరికి దగ్గరే, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ బీడెస్ ఉంది. సీట్లు తక్కువే. ఈసారి రాకపోయినా ఆమె చేతిలో ఇంటర్ ఉంటుంది, ఇంకో ఏడాది ఉంటుంది.

టూర్, కోచింగ్ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే కోచింగే, అదీ మామూలు ఫీజుది చాలు. ఈ సెలవుల్లో ఆమెను ఒకరోజు పొద్దున్నే మీ వంటింట్లో కూర్చోబెట్టండి. వాళ్లమ్మ టిఫిన్, క్యారేజీలు పూర్తిచేసే లోపు ఎన్నిసార్లు వంగింది, ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగింది లెక్కరాసి, ప్లాన్ గీసి, ఒక్క మార్పు చెప్పమనండి. మీరు ఆ మార్పు నిజంగా చేసి వారం వాడండి. వాళ్లమ్మ తిట్టిందీ రాసుకోమనండి. మంగళగిరి మగ్గాల దగ్గర ఒక పూట, కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కేవాళ్ల దగ్గర ఒక పూట గడపనివ్వండి. ఏం మాట్లాడినా ముందు చూడమనండి, పెన్సిల్ చేతిలో ఉంచుకోమనండి.

తర్వాత ఎప్పుడైనా ఇంటిల్లిపాదీ వియన్నా వెళ్తే మంచిదే. సోమవారం మాక్ మూసి ఉంటుంది. ఆ కుర్చీలకు, ఆ వంటగదికి కలిపి ఒక పూట ఇవ్వండి, ఆమె గీస్తున్నంతసేపు మీరు తొందరపెట్టకండి. ప్రస్తుతానికి కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టొద్దు. ఇప్పటికే కట్టి ఉంటే వెనక్కి ఇచ్చే షరతులేమిటో కాగితం మీద అడగండి.