కీ పంపినా పాస్‌వర్డ్ ఎందుకు అడుగుతోంది?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీ తయారుచేసి రెండు ఉబుంటు సర్వర్లలో పెట్టాను. మొదటిది నేరుగా లోపలికి రానిస్తోంది. రెండోది మాత్రం పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. కీ అదే, యూజర్ పేరూ అదే. లోపం ఎక్కడ?

జవాబు: ముందు అది అడుగుతున్నదేమిటో సరిగ్గా చదవండి. ‘పాస్‌ఫ్రేజ్ ఫర్ కీ’ అని ఉంటే అడిగేది సర్వర్ కాదు. అది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండే ప్రైవేట్ కీకి మీరే వేసుకున్న తాళం. ఏజెంట్ (తాళం తీసిన కీని గుర్తుంచుకునే ప్రోగ్రాం) నడుస్తుంటే ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్’ ఒక్కసారి కొడితే చాలు. ‘పాస్‌వర్డ్’ అనే ఉంటే, సర్వర్ మీ కీని పక్కన పెట్టిందన్నమాట.

ఎక్కువగా దొరికే దొంగ పర్మిషన్లే, అంటే ఫైలును ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అని అంకెల్లో చెప్పే హక్కులు. సర్వర్‌లోని మీ హోమ్ ఫోల్డర్‌లో గ్రూపులోని వేరేవాళ్లకో, ఇతరులకో రాసే హక్కు (775, 777) ఉంటే, వాళ్లు మీ ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్‌ను తప్పించి తమది పెట్టేయగలరు. అందుకే సర్వర్ మీ కీ వంక కూడా చూడదు. కారణం మీ తెరమీద కనబడదు, సర్వర్‌లోని ‘ఆథ్.లాగ్’లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని పడుతుంది. హోమ్‌కు 750, ‘.ఎస్‌ఎస్‌హెచ్’కు 700, పబ్లిక్ కీలు (సర్వర్‌కు ఇచ్చే సగం) ఉండే ‘ఆథరైజ్డ్_కీస్’ ఫైలుకు 600 ఇవ్వండి. హోమ్ ఫోల్డర్‌ను మరచిపోయేవాళ్లే ఎక్కువ! సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఆ ఫైలు సృష్టించి ఉంటే అది రూట్ అనే అడ్మిన్ యూజర్ పేరిట ఉంటుంది, 600 ఇచ్చాక మీ యూజర్‌కు చదవడానికి రాదు. ‘చౌన్’ (యజమానిని మార్చే ఆదేశం)తో మీ పేరిట మార్చండి.

కీని చేత్తో అతికించి ఉంటే ఇంకొకటి చూడండి: పబ్లిక్ కీ మొత్తం ఒకే లైనులో ఉండాలి. మధ్యలో విరిగితే పనికిరాదు. కీని తనే సర్వర్‌లో పెట్టే ‘ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ’ ఆదేశం వాడితే ఈ బాధ లేదు.

ప్రశ్న: పాస్‌వర్డ్ లాగిన్ ఆపాలని సర్వర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల ఫైలు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్’లో ‘పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో’ అని రాశాను. అయినా పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోంది.

జవాబు: క్లౌడ్ సర్వర్ అయితే ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ’ ఫోల్డర్‌లో ‘50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్’ చూడండి. అందులో ‘యెస్’ ఉండొచ్చు. ఉబుంటులో ఆ ఫోల్డర్‌ను ముందు చదువుతుంది, మొదట దొరికిన మాటే చెల్లుతుంది. అక్కడ ‘నో’ చేయండి. ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టి’ (చిన్న టి) అక్షరదోషాలు పట్టిస్తుంది, పెద్ద టి అయితే అమల్లోకి వచ్చే విలువ చూపిస్తుంది. ఆ తర్వాతే సర్వీసు రీలోడ్ చేయండి. ఇప్పటికే తెరిచిన సెషన్ మాత్రం మూయకండి. రెండో విండోలో కీతో లోపలికి వెళ్లగలిగాక మూయండి.