సముద్రపు గడ్డి చదవాలంటే...

ప్రశ్న: మాది కావలి దగ్గర తీర గ్రామం. రొయ్యల చెరువులు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నర్సింగ్‌లో చేరమంటే వినడం లేదు. సముద్రపు గడ్డి మీద పరిశోధన చేస్తానంటోంది. అలాంటి చదువుతో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తండ్రి

జవాబు: ఉంటుంది, కానీ ఆలస్యంగా. ఆ పేరుతో డిగ్రీ ఏదీ లేదు. పీజీ, పీహెచ్‌డీ దశలోనే ఆ అంశం చేతికొస్తుంది.

మీ అమ్మాయి ఎంచుకున్నది చిన్న విషయమేమీ కాదు. సముద్రపు గడ్డి నాచు కాదు. వేర్లు, పూలు, గింజలు ఉన్న మొక్క. లోతు తక్కువగా, తేటగా ఉన్న ఉప్పునీటి అడుగున బయళ్లుగా పరుచుకుంటుంది. చేప పిల్లలు, రొయ్య పిల్లలు అందులోనే దాక్కుని పెరుగుతాయి. దాని అడుగు మట్టిలో చేరిన కార్బన్ చాలా కాలం అక్కడే ఉండిపోతుంది. నీరు బురదైనా, మేత, ఎరువుల వ్యర్థాలతో పాచి పెరిగినా ఎండ అందక ఆ గడ్డి చచ్చిపోతుంది. చెరువు నీటి రంగు చూసి రొయ్య ఆరోగ్యం చెప్పగల మీకు ఈ సంగతి నేను వివరించనక్కర్లేదు.

మన తీరంలో అలల తాకిడి ఎక్కువ. ఈ గడ్డికి నిలకడ నీరు కావాలి కాబట్టి దగ్గరలో చూడాలంటే పులికాట్ సరస్సుకే వెళ్లాలి. విస్తారమైన బయళ్లు తమిళనాడులోని పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖల్లో ఉన్నాయి. ఈ గడ్డి మేసి బతికే సముద్రపు ఆవుల (డ్యూగాంగ్ అనే క్షీరదాల) కోసం ఆ రాష్ట్రం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. పరిశోధనకు అమ్మాయి అటు వెళ్లాల్సి రావచ్చు. ఆ మాట ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

నా సలహా ముత్తుకూరు మత్స్య కళాశాలలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్‌సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ). ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రవేశం. అక్కడితో ఆగినా మత్స్యశాఖ, హేచరీలు, బ్యాంకుల్లో ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పోటీ పడవచ్చు. ఆగకపోతే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్ష రాసి ఎంఎఫ్‌ఎస్‌సీలో (మత్స్యశాస్త్ర పీజీలో) జల పర్యావరణ విభాగం తీసుకోవచ్చు. సీటు రాకపోతే బీఎస్సీ వృక్షశాస్త్రం చదివి, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ ఎంఎస్సీ చేయవచ్చు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక భృతి) సాధిస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 రూపాయలు వస్తాయి. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, అక్కడికి చేరేసరికి పదేళ్లు దాటుతాయి.

ఇష్టం లేని నర్సింగ్‌లో మాత్రం చేర్చకండి, రోగులకూ అది మంచిది కాదు. ఈలోపు ఈత నేర్పించండి.