శ్రీకాకుళంలో ప్రైవేట్ స్కూల్ ఫీజు ఎందుకంత భారం? తగ్గించుకునే దారుందా?

స్కూల్లో చెప్పేది ట్యూషన్ ఫీజు ఒక్కటే అండి, అసలు దెబ్బ తర్వాత పడుతుంది. పుస్తకాలు వాళ్ల దగ్గరే కొనాలి, యూనిఫాం కూడా అంతే, పైగా పరీక్ష ఫీజు, పల్లె నుంచి టౌన్‌కి వ్యాన్. అందుకే చేర్చేముందే ఏడాదికి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

రాష్ట్ర ప్రభుత్వం పిల్లల చదువుకిచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేట్‌లో చదివే పిల్లలకీ వస్తుంది, 15,000లో 2,000 స్కూల్ నిర్వహణకి పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి, కాకపోతే హాజరు 75 శాతం ఉండాలి.

పిల్లలు ఇంకా ఒకటో తరగతిలో చేరకపోతే విద్యాహక్కు చట్టం సీటుకి ఆన్‌లైన్‌లో పెట్టండి. ప్రైవేట్ స్కూళ్లలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకివ్వాలని 2009 చట్టంలోనే ఉంది, మనవాళ్లు చాలామంది అసలు అప్లయ్యే చెయ్యరు. డొనేషన్ అడగడం, పిల్లాడికి ఎంట్రన్స్ పెట్టడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే.

ఆరో తరగతికైతే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ స్కూల్ నవోదయ ఉంది కదా, మనకి వెన్నెలవలస, విజయనగరం వాళ్లకి కిల్తంపాలెం, హాస్టల్, తిండి, పుస్తకాలు ఫ్రీ. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే, కానీ ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పల్లెటూరి స్కూల్లోనే చదివుండాలి. ఇది తెలీక నాలుగులోనో అయిదులోనో అప్పుచేసి మరీ టౌన్ స్కూల్‌కి మార్చేస్తారు, డబ్బూ పోయె కోటా పోయె. మీవాడు ఇప్పుడు మూడులో ఉంటే ఊళ్లోనే ఉంచండి.