టినిటస్ గురించి అవగాహన పెంచాలంటే ముందు రోగికి తోడు వెళ్ళండి

"చెవుల్లో హోరు, అదే టినిటస్, దీని గురించి జనంలో అవగాహన పెంచడానికి మామూలువాళ్ళం ఏం చేయగలం?" అని అడిగారు. ఏటా ఫిబ్రవరిలో టినిటస్ వారం అంటూ ఒకటి జరుగుతుంది. పోస్టర్లు పడతాయి, వారం తిరగ్గానే అందరూ మర్చిపోతారు. నాకు వాటిమీద పెద్దగా నమ్మకం లేదు. ఈ బాధ ఉన్న మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి ఒకరు తోడు వెళ్తే అంతకంటే ఎక్కువ పని జరుగుతుందని నా గట్టి అభిప్రాయం.

నాకు రెండు చెవుల్లోనూ కీ...మని సన్నటి శబ్దం. ఆగదు. వినికిడి పరీక్షకి వెళ్ళినప్పుడు మా అక్క కూడా వచ్చింది. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చారు. బీప్ వినిపిస్తే నొక్కాలి. తలుపు వేశారు. బయటి చప్పుళ్ళు ఆగిపోయేసరికి నా చెవుల్లో హోరు ఒక్కసారిగా పైకి లేచింది. బొంగురు శబ్దాలు తేలిగ్గానే వినిపించాయి. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి ఏది మెషీన్‌దో, ఏది నాదో తెలియలేదు. నొక్కాను. కాదేమోనని వదిలేశాను. మళ్ళీ నొక్కాను. కిటికీ అవతల పరీక్ష చేస్తున్న అమ్మాయి మొహం చిట్లించి, "శబ్దం లేకుండానే నొక్కేస్తున్నారండీ, కాస్త సరిగ్గా వినండి" అంది. పరీక్షలో చీటీతో దొరికిపోయినవాడిలా కూర్చుండిపోయాను.

నేనొక్కణ్ణే అయితే సారీ చెప్పి ఊరుకునేవాణ్ణి. అక్క ఊరుకోలేదు. "మా తమ్ముడికి చెవిలో ఎప్పుడూ ఆ శబ్దమే ఉంటుందమ్మా, అందుకేగా వచ్చింది" అంది. లోపల్నుంచి ఇంకో పెద్దావిడ వచ్చి ఏదో మార్చారు. ఇప్పుడు బీప్ ఒకే సాగుడుగా కాకుండా ఆగి ఆగి వస్తోంది. అంతే, తేడా తెలిసిపోయింది. మెషీన్‌ది ఆగుతుంది, నాది ఆగదు. 4000 హెర్ట్జ్ దాటాక, అంటే బాగా సన్నటి శబ్దాల దగ్గర, రిపోర్ట్‌లో నా వినికిడి గీత కిందికి జారి ఉందని, అవి నాకు సరిగ్గా వినిపించడం లేదని అప్పుడు బయటపడింది.

నిశ్శబ్దమైన గదిలో హోరు పెరిగినట్టు అనిపించడం నా భ్రమేమీ కాదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మందిని, అదీ వినికిడి బాగా ఉన్నవాళ్ళని, శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే దాదాపు అందరూ ఏదో ఒక మోత వినిపించిందన్నారు. లోపలి చెవిలోని సన్నటి వెంట్రుక కణాలు దెబ్బతిని శబ్దం తక్కువగా అందితే, మెదడు తనంతట తానే వాల్యూమ్ పెంచుకుంటుందనేది ఎక్కువమంది నిపుణులు చెప్పే వివరణ. అంటే "టెన్షన్ తగ్గించుకో, అదే పోతుంది" అనే సలహాదారులకి సగం విషయమే తెలుసు. చెవిలో ఏవేవో నూనెలు పోసుకోమని వీడియోలు పెట్టేవాళ్ళకి ఆ సగం కూడా తెలియదు.

ఆ రిపోర్ట్ చూసిన డాక్టర్ గారు తల ఎత్తకుండానే "దీనికి మందు లేదు, పట్టించుకోకండి" అన్నారు. మందు లేని మాట నిజమే. అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "మందు లేదు సరే సార్, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, దానికేం చేయమంటారు?" అని అడిగింది. అప్పుడు కదిలింది వ్యవహారం. హియరింగ్ ఎయిడ్ పెట్టి చూద్దామన్నారు, పడుకునేటప్పుడు సన్నగా ఏదో ఒక శబ్దం పెట్టుకోమన్నారు, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే, ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్‌కి రాసిచ్చారు. ఇవేవీ ఆయన కొత్తగా కనిపెట్టినవి కాదు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవన్నీ ఉన్నాయి. జింకో అనే చెట్టు ఆకులతో చేసే బిళ్ళలు వద్దని కూడా అందులోనే ఉంది, అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. సీబీటీతో హోరు తగ్గదు, దాని వల్ల పడే బాధ తగ్గుతుంది. నాకు తగ్గింది. ఈ ముక్క అడగకుండా ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందరికీ మా అక్కలాంటిది ఉండదు కదా అంటారు. నిజమే. కనీసం చెప్పుకోవడం అయినా మొదలుపెట్టాలి. సంగీతకర్త బీథోవెన్ అంతటివాడు 1801లో, రాత్రీ పగలూ చెవులు ఈలలు వేస్తున్నాయని, మోగుతున్నాయని డాక్టరైన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు. మనవాళ్ళూ అంతే, నవ్వుతారని దాచుకుంటారు.

సరే, పోస్టరే వేయాలని మీకు ఉంటే చెవి బొమ్మ, నినాదం మానేసి పనికొచ్చేవి రాయండి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయలో వినిపిస్తున్నా "పట్టించుకోకండి" అన్న మాట విని ఇంటికి వచ్చేయకూడదు, పరీక్షలు అడగాలి. ఉన్నట్టుండి వినికిడి పడిపోతే రేపు ఎల్లుండి అనకుండా ఆరోజే వెళ్ళాలి, ఆలస్యమైతే వైద్యం అంతగా పనిచేయదు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ లాంటివి వాడుతుండగా హోరు మొదలైతే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, సొంతంగా మాత్రం మందు ఆపేయకూడదు. కింద పెద్ద అక్షరాలతో "తోడు ఒకరిని తీసుకెళ్ళండి" అని రాయండి. అలాంటి పోస్టరైతే నేనూ అంటిస్తాను.